ఫోను జేబులోనే ఉంది

సుభానీ మామ టిప్పర్ మీదికి నా పొక్లెయిన్ బకెట్ దిగుతున్నప్పుడు నేను నిద్రపోవడం లేదు. తాగి లేను. ఫోను కూడా చూడటం లేదు. అది నా ప్యాంటు జేబులోనే ఉంది. ఆ తర్వాత అందరూ నన్ను అడిగింది ఒకటే: మరి ఏం చేస్తున్నావు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను కాబట్టి రాస్తున్నాను. కొంత నా కోసం. మిగతాది, నాలాగే ఎక్కడో తలుపు మూసుకుని కూర్చుని, తనకేమవుతోందో అర్థంకాక, ఎవరితోనూ చెప్పుకోలేక ఉన్న మనిషి కోసం.

మిరప కోతల కాలం

నా పేరు ఆంజనేయులు. అందరూ అంజి అంటారు. గురజాల దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో పొక్లెయిన్ నడుపుతాను. పేల్చిన రాయిని బకెట్‌తో ఎత్తి టిప్పర్లలో పోయడం నా పని. ఒక టిప్పర్ నిండి వెళ్లాక ఇంకొకటి వచ్చేదాకా ఖాళీ. మా ఎండలో ఆ ఖాళీ సమయంలో కిందికి దిగి నిలబడేవాళ్లెవరూ ఉండరు. అద్దాలు మూసి, ఏసీ పెట్టుకుని కేబిన్‌లోనే కూర్చుంటాం.

నా జబ్బు ఆ ఖాళీలోనే మొదలైంది. ఎవరో పంపిన ఒక బూతు వీడియో, దాని వెనక ఇంకొకటి. పెళ్లయినవాణ్ణి, నలుగురూ చూసేదే కదా అనుకున్నాను. చూసి, ఫోను పక్కన పెట్టి, పని చేసుకునేవాణ్ణి. కొన్నేళ్లపాటు అలాగే గడిచింది.

ఎప్పుడు మారిందో చెప్పలేను. నిన్న చూసింది ఇవాళ పనికిరాకుండా పోయింది. కొత్తది కావాలి, ఇంకా వింతది కావాలి. ఒకప్పుడు చూస్తే అసహ్యమేసినవాటిని కూడా తెరిచేవాణ్ణి. గమ్మత్తేమిటంటే, నా గుండె దడదడలాడేది చూసేటప్పుడు కాదు, వెతికేటప్పుడు. దొరికాక ఏమీ ఉండేది కాదు. ఒక నిమిషం తల మొద్దుబారినట్టుండేది, ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టేది. ఆ రోత పోగొట్టుకోవడానికి మళ్లీ వెతికేవాణ్ణి.

పోయిన సంవత్సరం మిరప కోతల నాటికి సంగతి కేబిన్ దాటింది. బంధువుల పెళ్లిలో భోజనాల బంతిలోంచి లేచి ఫోను పట్టుకుని కల్యాణమండపం వెనక్కి వెళ్లాను. మా పాప లాస్యకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లి, దాన్ని వాళ్లమ్మ ఒళ్లో పెట్టి, మందులు తెస్తానని చెప్పి బాత్రూంలో దూరాను. మందుల చీటీ నా చేతిలోనే ఉంది.

ఆ రోజుల్లో నా భార్య నాగమణి మిరపకాయ కోతకు వెళ్లేది. సాయంత్రానికి చేతులు ఎర్రగా పొంగి మండేవి.

"ఏమయ్యా, కాస్త కొబ్బరినూనె రాయవా, చేతులు ఆడటం లేదు," అంది ఒకరోజు.

"ఆ," అన్నాను. కదల్లేదు. వినపడలేదని కాదు. విన్నాను, అర్థమైంది. కానీ లేచి రాయాలన్న ఆలోచన లోపల ఎక్కడా పుట్టలేదు. కాసేపు చూసి, తనే వేళ్ల చివర్లతో సీసా మూత తిప్పుకుంది.

అన్నం రుచి లేదు. పాప చెప్పే కబుర్లు చెవిలో పడి జారిపోయేవి. ఇక మా ఇద్దరి మధ్య సంగతి చెప్పాలంటే, ఆమె దగ్గర నా ఒళ్లు నాకు సహకరించడం మానేసింది. షుగరేమోనని పరీక్ష చేయించుకున్నాను. లేదు. నాగమణి ఏమీ అనేది కాదు, గోడవైపు తిరిగి పడుకునేది. ఇంకొక ఆడమనిషి ఉందని తేల్చుకుంది. మాచవరం నుంచి ఆమె తమ్ముడు శ్రీను బండేసుకుని వచ్చాడు.

"బావా, ఎవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. పెద్దమనుషుల దాకా పోకముందే తేల్చుకుందాం."

"ఎవరూ లేరు శ్రీనూ."

"మరి అక్క ఎందుకట్టా ఎండిపోయింది?"

ఎవరూ లేరన్నది నిజమే. ఆ నిజం అబద్ధం కంటే అన్యాయంగా వినిపించింది నాకు.

ఎండలు ముదిరాక

బడికి సెలవులిచ్చారు. లాస్య మాచవరంలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఆ మధ్యాహ్నం సుభానీ మామ టిప్పర్ వెనక్కి తీసుకొచ్చి నా ముందు ఆపాడు. ఆయనది మాచర్ల. నాకు మామ వరస ఏమీ కాదు, క్వారీలో అందరం అలాగే పిలుస్తాం. బకెట్ నింపి తిప్పాను.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పొద్దున చూసిన దృశ్యాలు కళ్ల ముందు తిరుగుతున్నాయి. నేను పిలవలేదు. అవి వాటంతటవే వస్తున్నాయి, ఒకటి మీద ఒకటి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎదురుగా టిప్పర్ కనపడుతూనే ఉంది, కానీ దాని తొట్టి ఎక్కడ ముగిసి కేబిన్ ఎక్కడ మొదలైందో నా బుర్రకు అందలేదు. హారన్ మోగింది. ఆగకుండా మోగుతోంది. రాయి పడుతున్న చప్పుడుకు ఒక్కసారిగా తెలివొచ్చి లివర్ వెనక్కి లాగాను. బకెట్ పళ్లు కేబిన్ పైకప్పును గీసి ఆగాయి. ఒక పెద్ద రాయి అద్దం మీదుగా జారి నేల మీద పడింది.

సుభానీ మామ దిగాడు. నా మిషన్ ఎక్కి తలుపు తీశాడు. కొడతాడనుకున్నాను. నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఏందిరా అంజీ, ఏమైందిరా నీకు?"

"తెలీదు మామా."

ఆయన చేతులు వణుకుతున్నాయి. నా చేతులు వణకడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సూపర్‌వైజర్ ఫిట్స్ అనుకున్నాడు. "డాక్టరు కాయితం తెచ్చేదాకా మిషన్ ఎక్కమాక," అన్నాడు.

నాగమణి, నేను నరసరావుపేట వెళ్లాం. నరాల డాక్టరు గారి హాలులో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. తల స్కాన్ తీయించి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాం. పక్కన అచ్చంపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఫిట్స్ వచ్చే కొడుకుని తీసుకొచ్చింది. నాగమణి కళ్లు తుడుచుకోవడం చూసి తన పక్కన చోటు చేసి కూర్చోబెట్టుకుంది.

"భయపడమాక తల్లీ. మా వోడికి చానా తగ్గింది. మందులు పడాలి అంతే."

నాగమణి ఆమె చెయ్యి పట్టుకుని నాకేమీ ఉండకూడదని మొక్కుకుంటోంది. నేను ఆ పక్కనే కూర్చుని, స్కాన్‌లో ఏదైనా కనపడితే బాగుండునని కోరుకుంటున్నాను. గడ్డ అయినా సరే. గడ్డ అయితే చెప్పుకోవచ్చు. జనం చూడటానికి వస్తారు, పండ్లు తెస్తారు. నా భార్య ఎవరిముందూ తలదించుకోనక్కర్లేదు. ఆ హాలులో నాకన్నా దిగజారిన మనిషి లేడనిపించింది.

స్కాన్ బాగానే ఉంది. డాక్టరు గారు ఫిల్మ్ పక్కన పెట్టి, నిద్ర, తిండి, ఫోను గురించి అడిగారు. ఫోను దగ్గర నేను తడబడ్డాను. ఆయన ఇంకేమీ అడక్కుండా, పక్క వీధిలో ఇంకో డాక్టరును కలవమని రాసిచ్చారు. ఆ బోర్డు మీద "మానసిక వైద్యులు" అని ఉంది. నాగమణి పైట తల మీదుగా కప్పుకుంది.

"పిచ్చి డాక్టరా అయ్యా?" అంది మెల్లగా.

అక్కడ కాంపౌండరు ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు. వచ్చి భుజం తట్టి, "మీరు రండి" అంటున్నాడు. ఇంత చిన్న విషయం మనిషికి ఎంత ధైర్యమిస్తుందో ఆ హాలులో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

లోపల ఉన్నది లేడీ డాక్టరు. నాగమణి వయసే ఉంటుంది. నేను చేతిలోని చీటీ మడుస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ నాగమణిని బయట కూర్చోమని, నావైపు చూడటం మాని, కుర్చీని కొంచెం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"మీరు చెప్పబోయేది నేను వినని విషయం కాదు. మెల్లగా చెప్పండి, నేను ఇటే చూస్తుంటాను."

ఆ కిటికీతో చెబుతున్నట్టుగా మొత్తం చెప్పాను. చివర్లో ఒక్కటే అడిగాను: "నా బుర్ర పాడైపోయిందా అమ్మా?"

"పాడవలేదు, నేర్చుకుంది," అన్నారామె. "కావాలి, కావాలి అని మనల్ని ముందుకు నెట్టే ఒక ఏర్పాటు మెదడులో ఉంటుంది. ఆకలికి, కొత్తదానికి, ఆశకి అదే పనిచేస్తుంది. మీరు వేలు కదిపినప్పుడల్లా దానికి కొత్తది దొరికింది. అందుకే వెతకడంలో అంత దడ, దొరికాక ఏమీ లేకపోవడం. కోరిక పెరుగుతుంది, సుఖం పెరగదు. రోజూ అంత జోరుకి అలవాటుపడ్డాక పాప కబుర్లు, అన్నం, భార్య, ఇవన్నీ దానికి చప్పగా అనిపిస్తాయి."

"మరి ఫోను చూడనప్పుడు కూడా ఎందుకొచ్చాయి?"

"ఎక్కడ చూశారు ఎక్కువగా?"

"కేబిన్‌లో."

"ఆ సీటు, ఆ ఏసీ చప్పుడు, టిప్పర్ వెళ్లిపోవడం, అన్నీ మెదడు గుర్తుపెట్టుకుంది. మీరు కూర్చోగానే అది సిద్ధమైపోతుంది. దీన్ని వ్యసనమనాలా, ఇంకేమైనా అనాలా అని మా డాక్టర్లలోనే వాదన ఉంది. ఆ వాదన మీకెందుకు? మీ చేతిలో లేకుండా పోయింది. అది చాలు నాకు. నిద్రకీ దిగులుకీ మందులిస్తాను. మానడానికి మాత్రం మందు లేదు, పద్ధతి ఉంది. ఇంట్లో నేను చెప్పను, మీరే చెప్పాలి."

బస్టాండు బయట సోడాబండి దగ్గర నాగమణికి చెప్పాను. రద్దీలో అయితే ఆమె ఏడవదనుకున్నాను. ఆమె ఏడవలేదు. సోడా గ్లాసు బండి మీద పెట్టి, నా మొహంలోకి చూసింది.

"నన్నేమన్నా తీశావా అందులో?"

ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"లేదు మణీ. పాప మీద ఒట్టు."

"పాప పేరెత్తమాక," అంది. చెయ్యి చాపింది. "ఫోను ఇటియ్యి."

ఇచ్చాను. బస్సులో నా వెనక సీటులో కూర్చుంది. పిడుగురాళ్లలో దిగిపోయింది. మాచవరం ఆటోలు నిలబడేవైపు నడుస్తుంటే కిటికీలోంచి చూశాను. ఆమె వెనక్కి చూడలేదు.

ఆ ఎండాకాలం నా జీవితంలోకెల్లా నీచమైన కాలం. చిన్న బటన్ ఫోను కొనుక్కున్నాను. చెయ్యి మాత్రం జేబులోకి వెళ్తూనే ఉండేది, లేని ఫోను కోసం. తల నొప్పి, ఊరికే కోపం, ఏ పనిలోనూ మనసు నిలవకపోవడం. ఆ తర్వాత వచ్చింది ఇంకా ఘోరం, ఏ కోరికా లేకపోవడం. ఆకలి లేదు, దుఃఖం లేదు, నాగమణి గుర్తొచ్చినా ఏమీ అనిపించదు. శాశ్వతంగా ఇలాగే మిగిలిపోతానని భయపడ్డాను. ఇలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే, మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి, ఏదో ఒకటి అనిపించడం కోసమైనా. మీలో ఎవరైనా ఆ దశలో ఉంటే, అది ఉండిపోదు. ఈ ఒక్క మాట కోసమే ఇంత రాస్తున్నానేమో.

మిషన్ ఎక్కనివ్వకపోయినా నేను క్వారీకి వెళ్లేవాణ్ణి. ఇంట్లో ఒంటరిగా ఉండటం మంచిది కాదు. ఒకరోజు సుభానీ మామ టిప్పర్ ఆపి తలుపు తీశాడు.

"ఎక్కు. కూసో."

కొంతదూరం పోయాక అన్నాడు: "నువ్వు చంపబోయింది నన్ను. అసలు సంగతేందో తెలుసుకునే హక్కు నాకుందిరా."

చెప్పాను. నవ్వుతాడేమో, క్వారీ అంతా చెప్పుకుంటాడేమోనని బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆయన గేరు మార్చాడు.

"నేను తాగుడనుకున్నా," అన్నాడు. ఇంకాసేపటికి, "పొద్దున్నే వచ్చి నా బండెక్కు. ఊరికే కూసోమాక, మాట్లాడతా ఉండు," అన్నాడు.

ఆ తర్వాత ఎన్నడూ ఆ విషయం ఎత్తలేదు. నాతో మాచర్ల బజారులో చేపల ధరల దగ్గర్నుంచి తన కూతురి నిఖా దాకా అన్నీ మాట్లాడించాడు.

బడి తెరిచాక

బడి తెరిచిన రోజు పొద్దున నాగమణి, లాస్య దిగారు.

"బడి కోసం వచ్చా. నీ కోసం కాదు," అంది గడపలోనే.

ఒకే ఇంట్లో ఇద్దరం పక్కింటివాళ్లలా మెలిగాం. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది. నేను గదిలోకి వెళ్లి కాస్త ఆలస్యమైతే ఆమె చేతిలో పని ఆగిపోయేది. గిన్నెల చప్పుడు ఆగిపోవడం వినపడేది నాకు. ఆమె తన ఫోను రవికలో పెట్టుకుని తిరిగేది.

వానలు మొదలయ్యాక క్వారీలో లోడు ఫొటోలు తీసి పంపమని నాకొక ఫోను ఇచ్చారు. వద్దనాలి. వద్దంటే ఎందుకని అడుగుతారు. తీసుకున్నాను. కొన్నాళ్లు బాగానే ఉన్నాను. ఒక మధ్యాహ్నం, వాన పట్టి పని ఆగిపోయి, షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, మళ్లీ పడ్డాను. కాసేపని మొదలుపెట్టినవాణ్ణి వాన వెలిసినా లేవలేదు.

ఇంటికెళ్లి నాగమణితో చెప్పాను. చెప్పకపోతే ఆ రాత్రికే ఇంకో అబద్ధం మొదలవుతుందని తెలుసు. ఆమె వింది. పాపకు జడ వేయడం పూర్తిచేసింది. మర్నాడు నాకు చెప్పకుండా ఒక్కతే నరసరావుపేట వెళ్లింది.

తర్వాతి వారం డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టారు. తిడతారనుకున్నాను. "అంతకుముందు ఏం జరిగింది?" అని మాత్రమే అడిగారు. ఆలోచిస్తే, ఆ పొద్దున శ్రీను ఫోను చేసి అక్కను మళ్లీ మాచవరం తీసుకెళ్తానన్నాడు. భయం, ఒంటరితనం, చేతిలో ఫోను. ఆ మూడూ కలిస్తే నాకు ప్రమాదమని ఆ రోజు తెలిసింది. ఫోను సంగతి సూపర్‌వైజర్‌కు ఎలా చెప్పాలో కూడా ఆమే నేర్పారు: డాక్టరు వద్దన్నారని. అంతకంటే ఎక్కువ చెప్పనక్కర్లేదు. అలాగే చెప్పి ఫోను తిరిగిచ్చేశాను. సూపర్‌వైజర్ మారు మాట్లాడలేదు.

ఆ తర్వాత డాక్టరమ్మ నాగమణి వైపు తిరిగారు. "మొన్న మీరొక్కరే వచ్చి నన్ను అడిగింది ఆయన ముందు అడగండి."

నాగమణి బల్ల అంచు పట్టుకుంది.

"నాలో ఏం తక్కువైంది అని అడిగా," అంది. "ఇన్నాళ్లూ అద్దంలో చూసుకుంటానే ఉన్నా. నల్లబడ్డానా, లావెక్కానా, కోతలకు పోయి చేతులు గరుకైనాయా అని. నాకు తెలియక నేను నా ఒంటిని తిట్టుకుంటా ఉన్నా. ఈయనకు జబ్బంట. మరి నాకేంది?"

నా మెదడుకు ఏమైందో విని తెలుసుకున్నాను. కానీ నా జబ్బు ఇంకో మనిషి ఒంట్లో ఇంతకాలం కాపురముందని అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ ఆమెతో, "మీలో ఏ లోపమూ లేదు. మీరు ఎలా ఉన్నా ఇది జరిగేదే," అన్నారు. అప్పుడు ఏడ్చింది, సోడాబండి దగ్గర ఏడవని ఏడుపంతా.

బయటికొచ్చాక "నన్ను నమ్ము మణీ" అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"నమ్మకం అడగమాక. అడిగితే ఉన్న కాస్తా పోద్ది."

ఆ రోజు నుంచి అడగలేదు.

చలి వచ్చాక

చలి మొదలయ్యే వేళకు డాక్టరు గారి కాయితం వచ్చింది. మిషన్ ఎక్కడానికి నేనే భయపడ్డాను. మొదటి లోడుకు సుభానీ మామే టిప్పర్ పెట్టాడు. ఏసీ వెయ్యలేదు, తలుపు తీసి కట్టాను. అయినా సీటులో కూర్చోగానే ఒళ్లంతా పాత సంగతికి సిద్ధమైపోయింది, డాక్టరమ్మ చెప్పినట్టే. అది వచ్చిపోయే అల అని, దానితో పోట్లాడకుండా చేతిలో పనిని పైకి చెప్పుకోమని నేర్పారు. చెప్పుకున్నాను. బకెట్ ఎత్తుతున్నా. తిప్పుతున్నా. తొట్టి మధ్యకు వచ్చా. వదులుతున్నా. పిచ్చివాడిలా గొణుగుతూ ఆ రోజంతా రాయి ఎత్తాను. ఇప్పటికీ కొన్ని రోజులు గొణుగుతాను.

నాకు పూర్తిగా తగ్గిందని చెప్పలేను. ఊరికే ఉన్న మధ్యాహ్నాలంటే ఇప్పటికీ జంకు. బటన్ ఫోనే వాడుతున్నాను. మా ఇద్దరి మధ్య కొన్ని సర్దుకున్నాయి, కొన్నిటికి ఇంకా టైం పడుతుందని డాక్టరమ్మ అన్నారు. శ్రీను ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడు. అది అతని హక్కు.

మొన్న ఒక ఆదివారం లాస్య గొడవ చేస్తే ముగ్గురం మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లాం. బస్సులో లాస్య వాళ్ల క్లాసులో జరిగిన పెన్సిల్ దొంగతనం కథ మొదలుపెట్టింది. ఎవరు తీశారు, టీచరు ఏమంది, దొంగ అనుకున్న పిల్ల ఎందుకు ఏడ్చింది. బస్సు దిగేటప్పటికి నాకు ఆ కథలో ప్రతి పిల్ల పేరూ తెలుసు. చివరికి దొంగెవరో తేలకుండానే ఆపేస్తే, చెప్పమని నేనే దాని వెంటపడ్డాను.

కృష్ణ ఒడ్డున రెయిలింగ్ దగ్గర లాస్య ఫొటో కావాలంది. నాగమణి తన ఫోను తీసి, దాన్ని తెరిచి, నా చేతిలో పెట్టింది.

"మా ఇద్దరికీ తియ్యి. నీళ్లు కనపడాలి."

చెప్పి, నా చేతిలో ఫోను ఉందన్న సంగతే పట్టనట్టు వెనక్కి తిరిగింది. గాలికి చెదురుతున్న పాప జుట్టు సర్దుకుంటూ రెయిలింగ్ దాకా నడిచి వెళ్లింది. ఆ కొన్ని అడుగుల దూరం నా చేతులు వణికాయి.

ఫొటో కాస్త కదిలినట్టు వచ్చింది. ఫోను తిరిగిచ్చాను. ఆమె ఆ ఫొటో ఒక్కటే చూసింది.

"నీళ్లు బాగానే పడ్డయ్," అని ఫోను సంచిలో వేసుకుంది.